పోయిండట

మిర్యాలగూడలో మొగుడూ పెళ్ళాం కలిసి సినిమాకు పోతే ఎవరూ తలెత్తి చూడరు. కలిసి కూరగాయలకు పోయినా చూడరు. పొద్దున్నే బూట్లు వేసుకుని కాలువ కట్ట మీద కలిసి ఉరికితే మాత్రం ఊరంతా పని మానుకుని చూస్తుంది. మొదటి ఏడాది అహల్యను ఆపి మరీ అడిగారు, "టీచరమ్మా, ఏమైంది, ఎవలన్న తరుముతున్నరా?" అని. రెండో ఏడాది అడగడం మానేశారు. మూడో ఏడాదికి ఆ అడిగినవాళ్ళలోనే నలుగురు బూట్లు కొనుక్కుని వెనకాల చేరారు. ఊరి నోరు మూయించాలంటే ఊరిని కూడా ఉరికించాలన్నమాట.

అహల్య వేములపల్లిలో హిందీ టీచరు. ఆమె మొగుడు జానయ్య రైసుమిల్లులో బాయిలరు చూస్తాడు. ఇద్దరికీ నలభై దాటాక పట్టింది ఈ పిచ్చి. షుగరొస్తుందేమోనన్న భయంతో మొదట ఒక తూము నుంచి ఇంకో తూము దాకా ఉరికారు. అక్కడ ఆగితే బాగుండేది. ఆగలేదు. కట్ట చాలక మెట్ట చెలకల్లోకి, చెలకలు చాలక గుట్టల్లోకి ఎక్కారు. రోడ్డన్నది లేని చోట, రాళ్ళలో, కంపచెట్ల మధ్య యాభై కిలోమీటర్లు ఉరికే పందేలుంటాయి. వాటిని అల్ట్రా ట్రెయిల్ అంటారు. జానయ్య తల్లి మాత్రం వాటిని 'తిన్నదరగని పందేలు' అనేది.

మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ మూడు ఊళ్ళలో ఇట్లాంటి తిన్నదరగనివాళ్ళు పోగై ఒక గుంపు కట్టారు. పేరు కట్ట దోస్తులు. టీచర్లు, కౌలు రైతులు, నర్సులు, ఒక బస్సు కండక్టరు, కులమతాల లెక్క లేదు, మోకాళ్ళ నొప్పుల లెక్క ఒక్కటే. ఆ గుంపులో వీళ్ళిద్దరి పేరు జోడెడ్లు. ఎక్కడ ఉరికినా పక్కపక్కనే ఉరుకుతారు, చివర గీత దాటేది కూడా చెయ్యీ చెయ్యీ పట్టుకునే. ఇద్దరికీ కలిపి ఒకే సంచి, జానయ్య వీపు మీద. ఇద్దరి ఫోన్లూ అందులోనే. విడిపోనివాళ్ళకు రెండు సంచులెందుకు?

జోడెడ్లలో ఒకటి కొంచెం ముందుకు లాగుతుంది. ఆ లాగేది అహల్య. ఆ సంగతి దోస్తులందరికీ తెలుసు. జానయ్యకు ఇంకా బాగా తెలుసు. ఎవరూ అనేవాళ్ళు కాదు.

జానయ్యకు అన్నీ వచ్చు, ఆగడం ఒక్కటే రాదు. నిరుడు హుజూర్‌నగర్ దగ్గర ఉరుకుతుంటే ఛాతీ పట్టేసింది. "గ్యాసు గావొచ్చు" అన్నాడు. గ్యాసుతోనే మిగతా దూరమంతా ఉరికాడు. గ్యాసుతోనే ఇంటికొచ్చి సోడా తాగాడు. తెల్లారి దవాఖానకు తీసుకుపోతే అక్కడివాళ్ళు గుండె అన్నారు, హైదరాబాదు అన్నారు, స్టంటు అన్నారు. అహల్య కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా అంబులెన్సు ఎక్కింది. రెండు రోజులు ఆ దవాఖాన వరండాలో ఉత్తకాళ్ళతోనే కూర్చుంది. చల్లటి బండల మీద ఆ కాళ్ళు మంచం మీది జానయ్యకు తలుపు సందులోంచి కనపడుతూనే ఉన్నాయట. ఆ సంగతి తర్వాతెప్పుడో చెప్పాడు.

కొన్ని నెలలు పోయాక డాక్టరు మళ్ళీ ఉరకొచ్చన్నాడు. మెల్లగా ఉరకాలి, కొంచెం తేడా అనిపించినా ఆగిపోవాలి అన్నాడు. జానయ్య చెవికి 'ఉరకొచ్చు' అన్నదొక్కటే పడింది. అహల్య చెవికి 'ఆగిపోవాలి' అన్నదొక్కటే పడింది.

ఇక్కడ ఇంకో సంగతి చెప్పకపోతే తర్వాత జరిగింది అర్థం కాదు. అహల్య పుట్టిల్లు కోదాడ. కోదాడ దాటి అడుగేస్తే అవతల ఆంధ్ర. వాళ్ళింట్లో మాట సగం అటూ సగం ఇటూ ఉంటుంది. వాళ్ళింట్లో మనిషి ఊరికి వెళ్తాడు, పనికి వెళ్తాడు, పెళ్ళికి వెళ్తాడు. 'పోయాడు' అంటే మాత్రం ఒక్కటే అర్థం. పెళ్ళయిన కొత్తలో పుట్టింటికి వచ్చి, ఒక పొద్దున మొగుడితో మాట్లాడదామని ఫోన్ చేసింది. అత్త ఎత్తింది. "లేడు బిడ్డా, పొద్దుగాలనే పోయిండు" అంది. అంతే, అహల్య ఫోన్ వదిలేసి కూలబడింది. కోదాడ ఇంట్లో ఏడుపులు లేచాయి. మేనమామ జీపు మాట్లాడాడు. జీపు నిండా జనం గుండెలు బాదుకుంటూ మిర్యాలగూడలో దిగేసరికి, మిల్లు నుంచి డ్యూటీ దిగి టిఫిను డబ్బా ఊపుకుంటూ ఎదురొచ్చాడు జానయ్య. "అందరొచ్చిన్రేంది? ఎవలు పోయిన్రు?" అన్నాడు. ఇప్పటికీ రెండు ఇళ్ళలో ఏ పెళ్ళి జరిగినా ఈ కథ చెప్పకుండా భోజనాలు పూర్తి కావు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు అహల్య కూడా బళ్ళో "ఆ పిలగాడు ఇంటికి పోయిండు" అనే అంటుంది. నవ్వుకోవడానికి తప్ప ఆ మాటతో ఆమెకు పేచీ లేదు.

డిసెంబరులో సూర్యాపేట అవతలి గుట్టల్లో కట్ట దోస్తులు పందెం పెట్టారు. తెల్లవారి మంచులో మొదలై, పొద్దు గుంకేలోపు అదే గుట్ట కిందికి తిరిగి రావాలి. దారిలో అక్కడక్కడా నీళ్ళూ తిండీ పెట్టుకుని మనుషులు కూర్చుంటారు. వాటిని దోస్తులు అడ్డాలంటారు. దారి తప్పకుండా చెట్లకు ఎర్ర గుడ్డపీలికలు కట్టారు. అందరికన్నా వెనకాల కండక్టరు సక్రు వస్తాడు. చివరి మనిషిని కాపలా కాస్తూ, ఆ పీలికలు విప్పుకుంటూ రావడం అతని పని. "బస్సుల నిలబడీ నిలబడీ కాళ్ళు మొద్దువారినయ్, గిట్లన్న కదలనియ్" అంటాడు.

మంచు ఉన్నంతసేపు జోడెడ్లు బాగానే నడిచాయి. ఎండ ఎక్కేకొద్దీ జానయ్య వెనకపడ్డాడు. అహల్య నాలుగడుగులు వేయడం, ఆగడం, వెనక్కి చూడడం. ఆయన రావడం, మళ్ళీ నాలుగడుగులు. రెండో అడ్డా చేరేసరికి దాదాపు అందరూ వీళ్ళను దాటేశారు.

రెండో అడ్డాలో బక్కమ్మ ఉంది. మేకల దొడ్డి పక్క జొన్న అంబలి కుండ పెట్టుకుని కూర్చున్న ముసలావిడ. ఆ గుట్టలు ఆమె మేకలవే. మనుషులు ఎందుకు ఉరుకుతున్నారో ఆమెకు అర్థం కాలేదు గానీ, ఉరికినవాళ్ళకు ఆకలవుతుందన్నది అర్థమైంది. జానయ్య రాతి మీద కూర్చుని చెంబెడు అంబలి తాగాడు.

"అహల్యా, నువ్వు పో" అన్నాడు.

"ఏం మాటలండీ అవి? కలిసే వెళ్దాం."

"నా ఎంబడి నడుసుడు నీకు ఉరుకుడు గాదు. ఇన్నేండ్ల సంది జూస్తున్న. నీ కాళ్ళు గుంజుతయ్, నువ్వు పట్టుకుంటవ్. ఒక్కపారి ఇడిసిపెట్టు, సూద్దాం ఎంత దూరం గుంజుతయో. నేను ఎనుక మెల్లగ పోత."

బక్కమ్మ అంబలి కలుపుతున్న గరిటె ఆపింది. "పోత ఏంది కొడుకా? ఇల్లు కదిలేటోడు పోత అనొద్దు. వస్త అను."

జానయ్య నవ్వాడు. నవ్వాడు గానీ ఆ మాట అనలేదు. అహల్యకు అది గుర్తుండిపోయింది. "మెల్లగా రండి. ఏమన్నా అనిపిస్తే ఆగండి. గ్యాసు గీసు అన్నారంటే ఊరుకోను" అని మూడుసార్లు చెప్పి కదిలింది.

చెప్పకూడదు గానీ, హాయిగా ఉంది. గుట్ట ఎక్కుతుంటే వెనక్కి చూడనక్కర లేదు. దిగుతుంటే బ్రేకు వేయనక్కర లేదు. తన కాళ్ళు ఇంత వేగంగా పోతాయని ఆమెకే తెలీదు. ముందుపోయినవాళ్ళను ఒక్కొక్కరినే దాటింది. "అక్కా, తాడు తెంపుకున్నవా?" అని ఒకడు అరిచాడు. నవ్వింది. ఎండ, బండలు, ఎగిరే కౌజుపిట్టలు, అన్నీ తనవే అనిపించాయి. మొగుడు పక్కన లేడన్న సంతోషం, ఆ సంతోషానికి సిగ్గు రెండూ కలిసి ఉరికాయి. ఆ సిగ్గులోంచే మెల్లగా బక్కమ్మ గొంతు మొదలైంది. పోత అనొద్దు. వస్త అను.

మూడో అడ్డాకు చేరేసరికి ఆడవాళ్ళలో ఆమె ముందున్నది ఒక్కరే. అక్కడ మాడుగులపల్లి వెంకన్న కూర్చున్నాడు. వరి కోత అయిపోయి ఖాళీగా ఉన్నానని వచ్చిన కౌలు రైతు. బత్తాయి చెక్కలు అందించి, "ఇంకొంచెం పికప్ జెయ్యి మేడం, ఆమె గిప్పుడే పోయింది, అందుకుంటవ్" అన్నాడు.

అహల్య చెయ్యి ఫోను కోసం నడుముకు పోయింది. ఫోను లేదు. జానయ్య వీపు మీది సంచిలో ఉంది. పోనీ వెంకన్న ఫోనులో కొడదామంటే తన ఫోను పొద్దున్నే ఆఫ్ చేసి సంచిలో పడేసింది, మొగుడి నంబరు నోటికి రాదు. ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా పక్కన లేకపోతే కదా!

"వెంకన్నా, రెండో అడ్డాకు ఫోన్ చేసి మా ఆయన ఎట్లా ఉన్నాడో అడగవా?"

వెంకన్న చేశాడు. గుట్టల్లో సిగ్నలు సరిగ్గా లేదు. అటునుంచి బక్కమ్మ ఏదో గట్టిగా అరుస్తోంది. వెంకన్న చెవికి ఫోను అదిమి, ఇంకో చెవి మూసుకుని, "ఆఁ, జానయ్యన్న... ఎప్పుడు... ఔనా..." అన్నాడు. తర్వాత అహల్య వైపు తిరిగాడు.

"పోయిండట మేడం."

ఇరవై ఏళ్ళు మిర్యాలగూడ నీళ్ళు తాగిన మనిషి. ఆ మాట రోజుకు పదిసార్లు తనే అనే మనిషి. కానీ భయం పుట్టింటి భాషలోనే వింటుంది. అహల్య చేతిలోని బత్తాయి చెక్క కింద పడింది. వెంకన్న ఇంకా ఏదో చెప్తూనే ఉన్నాడు. ఆమె అప్పటికే వెనక్కి తిరిగి ఉరికింది.

ఇందాక దిగిన గుట్ట ఇప్పుడు ఎక్కాలి. ఎలా ఎక్కిందో ఆమెకు తెలీదు. కంపచెట్టు చీరిన చెయ్యి కూడా తెలీదు. ఎదురొచ్చినవాళ్ళు "అక్కా, దారి అటు గాదు" అన్నారు. ఇద్దరు పట్టుకోబోయారు. విదిలించుకుంది. "మా ఆయన్ని చూశారా?" అంటే దారిలో చూడలేదన్నారు. వాళ్ళు అడ్డా దాటేటప్పటికి ఆయన ఇంకా రాయి మీదే కూర్చుని ఉన్నాడట.

నేనే వదిలేసి వచ్చాను అనుకుంది. వదిలేసి వచ్చి పైగా హాయిగా ఉందనుకున్నాను. ఒక్క పందెంలో ముందు రావాలని ఎవరు ఏడ్చారు? ఎన్ని పందేల్లో వెనక రాలేదు, ఎన్నిసార్లు ఆయన చెయ్యి పట్టుకుని గీత దాటలేదు! ఆయన పోత అన్నప్పుడే చెవి మెలేసి వస్త అనిపించాల్సింది. దేవుడా, ఈ ఒక్కసారికి ఆయన్ని ఆగేటట్టు చెయ్యి. గ్యాసు అనుకోనివ్వకు. ఇంకెప్పుడూ ముందు ఉరకను. ఇట్లా దేవుడితో బేరమాడుతూ, తనను తాను తిట్టుకుంటూ, ఏడుస్తూ ఉరికింది. ఏడుస్తూ ఉరికితే ఊపిరి ఆడదు, ఎవరన్నా ఉరికినవాళ్ళను అడగండి.

మలుపులో చంకలో ఎర్ర పీలికల మూట పెట్టుకుని, ఇంకో పీలిక విప్పుతూ సక్రు కనపడ్డాడు. ఒక్కడే ఉన్నాడు. అతని ముందు ఉండాల్సిన చివరి మనిషి లేడు. ఆ చివరి మనిషి జానయ్య.

"అక్కా! ఎనుకకు ఉరుకుతున్నవేంది?"

"మీ అన్న..." అంది.

"అన్నకేమైంది? గిప్పుడే గద, బండెక్కి ముంగటికి పోయిండు!"

అహల్య దారిలోనే కూర్చుండిపోయింది. సక్రు బెదిరిపోయి నీళ్ళ సీసా తీశాడు. ఆమె తల అడ్డంగా ఊపింది, నిలువుగా ఊపింది, చివరికి ఫోనన్నట్టు చెవి దగ్గర చెయ్యి పెట్టింది. సక్రు జానయ్యకు కొట్టి ఆమె చేతిలో పెట్టాడు.

"హలో, సక్రూ! మా టీచరమ్మ గిన కనపడ్డదా?" నిండు గొంతు. బాయిలరు చప్పుడులో మాట్లాడీ మాట్లాడీ అలవాటైన పెద్ద గొంతు. మెల్లగా మాట్లాడమని అహల్య ఎప్పుడూ పోరుపెట్టే ఆ గొంతే.

"ఎక్కడ సచ్చినవ్ నువ్వు?" అని అరిచింది అహల్య.

గుట్టలు ఖంగుమన్నాయి. ఇరవై ఏళ్ళలో మొగుణ్ణి 'నువ్వు' అన్నది అదే మొదటిసారి.

"మూడో అడ్డా కాడున్న" అన్నాడు జానయ్య, గొంతు తగ్గించి. "నీ ఫోనూ, నీ సాక్సులూ నా సంచిలనే ఉండె, ఇద్దామని కింది బాట పట్టి బండి మీద ముంగటికొచ్చిన. వెంకన్నేమో నువ్వు ఎనుకకు ఉరికినవంటుండు. ఏం మర్చిపోయినవ్?"

ఏం మర్చిపోయిందో చెప్పలేక అహల్య నవ్వింది. ఏడుపు ఆగకుండానే నవ్వింది. సక్రు పక్కకు తిరిగి, లేని పీలిక కోసం చెట్టంతా వెతికాడు.

మూడో అడ్డాకు మళ్ళీ వచ్చేసరికి పొద్దు వాలింది. వెంకన్న ఆమెను చూడగానే లేచి నిలబడ్డాడు. "మేడం, నేను బండి మీద పోయిండని జెప్తుంటె నువ్వు బండి మాట ఇనకనే..." అన్నాడు. కోదాడ జీపు కథ జానయ్య అప్పటికే చెప్పేసినట్టున్నాడు, అక్కడున్నవాళ్ళందరూ పెదవులు బిగబట్టి నిలబడ్డారు. అహల్య ఎవర్నీ పట్టించుకోకుండా పోయి మొగుడి ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసింది. కొట్టుకుంటోంది. నింపాదిగా, మిల్లులో పని ఉన్నట్టు కొట్టుకుంటోంది.

"ఎందుకు దిగిపోయారు? నొప్పొచ్చిందా?"

"నొప్పి గాదు. నువ్వు పోయినంక లేసి జర దూరమెక్కిన. దమ్మొచ్చి ఆయాసమైంది. ఎప్పటిలెక్క గాదు, కొంచెం ఎక్కువ. గ్యాసే అనుకున్న." అహల్య నోరు తెరవబోయింది. ఆయన చెయ్యెత్తాడు. "జర ఇను. గ్యాసే అనుకున్న, ఇంకో అడుగు గూడ ఏసిన. మల్ల దవాఖాన వరండాల నీ ఉత్తకాళ్ళు యాదికొచ్చినయ్. ఆగిన."

"ఏంటీ?"

"ఆగిన. దిగొచ్చి, అడ్డా కాడికి బండి మీదొచ్చిన మన దోస్తుల నర్సమ్మ గ్రేస్‌కు చెయ్యిచ్చిన. బీపీ, నాడి అన్నీ జూసింది. మంచిగనే ఉన్నయ్, ఇయ్యాల ఇగ ఉరకొద్దు, రేపు డాక్టరుకు సూపియ్యమన్నది. సరే అన్న."

సరే అన్నాడట! జానయ్య! అహల్య ఆ మాటను ఇంకోసారి చెప్పించుకుంది. ఆయన బతికున్నాడని ఫోనులో తెలిసినప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఆగాడని తెలిసినప్పుడు, ఏడాదిగా గుండెల మీద పెట్టుకుని మోస్తున్న రాయేదో దిగింది. ఇక రాత్రుళ్ళు ఆయన ఊపిరి వినడానికి లేవనక్కర లేదేమో.

"పదండి, ఇంటికి వెళ్దాం" అంది.

"నువ్వెక్కడికి? సక్రు ఎవలెనుక రావాలె? చివరి మనిషి లేకపోతే కండక్టరు నౌకరి పోదా?" సంచిలోంచి సాక్సులు తీసి, ఆమెను రాయి మీద కూర్చోబెట్టి, తడిసినవి గుంజి, పొడివి తొడిగాడు. ఊళ్ళో అయితే అహల్య సిగ్గుతో చచ్చేది. ఇక్కడ కట్ట దోస్తులే ఉన్నారు, చూస్తే చూడనీ అనుకుంది.

లేచి నిలబడింది. జానయ్య "పో" అని, నాలుక కరుచుకున్నాడు. "పోయి రా" అన్నాడు.

ఈసారి అహల్య ఎవరినీ దాటలేదు. దాటడానికి ఎవరూ లేరు. ముందున్న ఆ ఒక్క ఆడమనిషి ఎప్పుడో గెలిచి, స్నానం చేసి, కారెక్కి ఉంటుంది. కాళ్ళు బరువుగా ఉన్నాయి, మనసు బరువు లేదు. వెనకాల సక్రు పీలికలు విప్పుకుంటూ టికెట్, టికెట్ అని పాట పాడుతున్నాడు. దేవుడితో కుదిరిన బేరం గుర్తొచ్చింది. ఇంకెప్పుడూ ముందు ఉరకనని మాటిచ్చింది. దేవుడు అర్థం చేసుకుంటాడులే, పరేషాన్‌లో ఇచ్చిన మాట చెల్లదు అనుకుంది. వచ్చేసారి ముందే ఉరుకుతుంది. ఫోను తన దగ్గరే పెట్టుకుని ఉరుకుతుంది.

గుట్ట కిందికి దిగేసరికి పొద్దు అంచు మీద ఉంది. పందిరి విప్పుతున్నారు. మైకువాడు వైర్లు చుడుతున్నవాడల్లా ఆమెను చూసి వదిలేసి, ఖాళీ చేతినే నోటి దగ్గర పెట్టుకుని "అహల్య మేడం!" అని కేకేశాడు. దోస్తులు తింటున్న పళ్ళేలు పట్టుకుని లేచారు. గీత మీద సున్నం సగం చెరిగిపోయింది. ఆ గీతకు అవతల, ప్లాస్టిక్ కుర్చీలో జానయ్య కూర్చుని ఉన్నాడు. లేచి రాలేదు, ఎదురు ఉరకలేదు. ఆయన ఒళ్ళో అహల్య చెప్పులున్నాయి.

ఆమె గీత దాటింది. ఆయన వంగి చెప్పులు ఆమె కాళ్ళ ముందు పెట్టాడు. రోజూ మిల్లు నుంచి ముందొచ్చి, బడి నుంచి ఆమె వచ్చేసరికి గడపలో కూర్చుని అడిగినట్టే అడిగాడు.

"వచ్చినవా?"

ఇరవై ఏళ్ళుగా ఆ ప్రశ్నకు 'వచ్చానండీ' అనే చెప్పింది.

"వచ్చిన" అంది అహల్య.